తరిగొండ వెంగమాంబ: పొమ్మన్న ఊరి పేరునే నిలబెట్టిన తల్లి

తిరుమలకు వెళ్లి వచ్చినవాళ్లందరూ ఆ పేరు చదివే ఉంటారు. దర్శనం అయ్యాక భోజనానికి నడిచేటప్పుడు ఎదురుగా కనిపించే పెద్ద భవనం మీద మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం అని రాసి ఉంటుంది. 2011లో ప్రారంభమైన ఆ భవనంలో ఒకేసారి దాదాపు 4,000 మంది కూర్చుని తినవచ్చు. తిరుపతిలో ఎం.ఆర్. పల్లి కూడలిలో ఆమె విగ్రహం ఉంది. అయినా మా హాస్టల్ పిల్లలను వెంగమాంబ ఎవరని అడిగితే, అన్నం పెట్టే చోటు మేడమ్ అని చెప్తారు. అది తప్పు జవాబని నేను అనను. కానీ ఆ అన్నం వెనక ఒక ఆడపిల్ల బతుకు ఉంది. చిన్నప్పుడే అన్నీ పోగొట్టుకున్న పిల్ల అది. ఊరు వెలివేసినా, గుడి తరిమినా, అడవిలో ఒంటరిగా ఏళ్లు గడిపినా, చివరికి 18 దాకా గ్రంథాలు రాసి, 87 ఏళ్లు బతికిన మనిషి.

గిరిజన సంఘం సంచికలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆమె గురించి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన వీరుల గురించి ఈ సంచికలో వేరేవాళ్లు రాస్తూనే ఉన్నారు, రాయాలి కూడా. గిరిజన బాలికల వసతి గృహంలో వార్డెన్‌గా పనిచేస్తున్నదాన్ని కాబట్టి నాకు ఎప్పుడూ మా పిల్లలే కళ్ల ముందు ఉంటారు. యానాది, ఎరుకల, సుగాలి ఆడపిల్లలకు వాళ్లు పుట్టిన నేల మీదనే, వాళ్లు రోజూ వినే ఊళ్ల మధ్యనే, ఇంత గట్టి మనిషి ఒకరు ఉండేవారని చెప్పాలని ఇది రాస్తున్నాను. చదివాక ఆమె మనకు అంత దూరం మనిషి కాదని మీకే తెలుస్తుంది.

ఊరు, కాలం

తరిగొండ పాత చిత్తూరు జిల్లాలోని పల్లె. గుర్రంకొండ మండలంలో ఉంది. ఆ ఊళ్లో లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. మజ్జిగ చిలికే తరికుండలో స్వామి దొరికాడని, అందుకే ఊరికి తరికుండ అనే పేరు వచ్చి అది తరిగొండ అయిందని ఊళ్లో చెప్పుకుంటారు. వెంగమాంబ 1730లో ఆ ఊళ్లో పుట్టారు. తండ్రి కృష్ణయ్య, తల్లి మంగమాంబ. ఊళ్లోవాళ్లకు ఆమె వెంగమ్మ.

ఆ కాలం గురించి కొంచెం చెప్పాలి. ఇప్పుడు మనం బస్సులో గుర్రంకొండ మీదుగా వెళ్తే కొండ మీద కోట కనిపిస్తుంది. ఆ కోట కోసం ఆ వందేళ్లలో కడప నవాబులు, మరాఠాలు, మైసూరు హైదరలీ, టిప్పు అందరూ పోట్లాడారు. కోట చేతులు మారినప్పుడల్లా శిస్తులు కట్టేదీ, పంటలు పోగొట్టుకునేదీ చుట్టుపక్కల పల్లెలే. చివరికి 1800లో నిజాం ఈ సీమనంతా ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అప్పటికి వెంగమాంబకు డెబ్బై ఏళ్లు. అంటే ఆమె బతుకంతా రాజులు మారే కాలంలోనే గడిచింది. అలాంటి కాలంలో ఆడపిల్ల చదువు సంగతి ఎవరు పట్టించుకుంటారు? ఎంత తొందరగా పెళ్లి చేసి పంపితే అంత మంచిదని అనుకునేవాళ్లు.

పసితనంలో పడిన దెబ్బ

వెంగమ్మకు కూడా అలాగే చిన్నతనంలోనే పెళ్లి చేశారు. వరుడు ఇంజేటి వారి అబ్బాయి, పేరు వెంకటాచలపతి. పెళ్లయిన కొద్ది కాలానికే అతను చనిపోయాడు. సంసారం అంటే ఏమిటో తెలియకముందే ఆ పిల్ల విధవరాలు అయింది.

ఆ రోజుల్లో ఆ కులంలో విధవ అయిన ఆడపిల్లకు జరిగేది మన పెద్దవాళ్లు చూసే ఉంటారు, కథల్లో వినే ఉంటారు. గాజులు పగలగొట్టేవారు. బొట్టు చెరిపేవారు. జుట్టు తీయించేవారు. ముతక చీర కట్టించి, ఒంటి పూట తిండితో, శుభకార్యాలకు ఎదురు రాకుండా ఇంట్లో ఓ మూల ఉంచేవారు. ఎనిమిదేళ్ల పిల్ల అయినా ఎనభై ఏళ్ల ముసలమ్మ అయినా ఆచారం ఒకటే.

వెంగమ్మ దానికి ఒప్పుకోలేదు. స్వామే తన భర్త అని, ఆయనకు చావు లేదు కాబట్టి తాను ముత్తైదువనేనని చెప్పింది. బొట్టు తీయలేదు. గాజులు తీయలేదు. జుట్టు తీయనివ్వలేదు. ఊరు ఊరంతా గోల పెట్టింది. పిచ్చి పట్టిందన్నారు. తల్లిదండ్రుల మీద ఒత్తిడి తెచ్చారు. మతపెద్దల దాకా సంగతి వెళ్లింది. పుష్పగిరి పీఠాధిపతి వచ్చినప్పుడు జరిగినట్టు జనం ఒక కథ చెప్పుకుంటారు. ఆయన తనకు మొక్కమంటే, ముందు ఆసనం మీద నుంచి లేవమని ఆమె కోరిందట. ఆయన లేచాక ఆమె మొక్కితే, ఆ ఖాళీ ఆసనం భగ్గుమని మండిందట. నిప్పు సంగతి నమ్మేవాళ్లు నమ్ముతారు. నాకు మాత్రం ఆ కథలో మంట కన్నా ఆమె నిలబడిన తీరే కనిపిస్తుంది. ఊరి పెద్దలంతా ఒకవైపు, చిన్న పిల్ల ఒకవైపు. తల వంచింది కానీ మాట మార్చుకోలేదు.

ఇది ఎప్పటి సంగతో ఒకసారి లెక్క వేసుకోండి. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని చట్టం వచ్చింది 1856లో. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. బాల్య వివాహాలను అడ్డుకునే శారదా చట్టం వచ్చింది 1929లో. ఇవేవీ లేని కాలంలో, వెనక సంఘం లేదు, చట్టం లేదు, పత్రిక లేదు, తరిగొండ అనే చిన్న పల్లెలో ఒక ఆడపిల్ల తన జుట్టు తనదని చెప్పింది.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. యానాదుల్లో, ఎరుకలవాళ్లలో, సుగాలీల్లో భర్త పోయిన ఆడదాని జుట్టు తీసే ఆచారం లేదు. మారుమనువు తప్పు కాదు. మన అవ్వలు అడవిలో, చేలల్లో, సంతల్లో మగవాళ్లతో సమానంగా తిరిగి సంపాదించారు. మనల్ని వెనకబడినవాళ్లు అంటూ ఉంటారు కదా. వెంగమాంబ ఊరితో పోరాడి తెచ్చుకున్న దానిలో కొంత మన ఆడవాళ్లకు పుట్టుకతోనే ఉండేది. మా పిల్లలకు ఈ సంగతి చెప్తే వాళ్ల ముఖాలు వెలుగుతాయి. అదే సమయంలో ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఈ మధ్య మన తండాల్లో, కాలనీల్లో పక్క ఊరివాళ్లను చూసి నేర్చుకున్న వాటిలో చిన్న వయసు పెళ్లి, కట్నం కూడా ఉన్నాయి. మంచిది వదిలేసి చెడ్డది తెచ్చుకుంటున్నాం.

ఒక్క తలుపు తెరుచుకుంది

వెంగమాంబ తన పుస్తకంలో తనే చెప్పుకున్న సంగతి ఒకటి ఉంది. చిన్నతనంలో గురువుల దగ్గర కూర్చుని ఓనమాలు కూడా దిద్దలేదని, ఛందస్సు చదవలేదని, కావ్యాలు నేర్వలేదని ఆమె రాశారు. అంత పెద్ద గ్రంథం రాస్తూ, దాని మొదట్లోనే దాపరికం లేకుండా ఆ మాట పెట్టారు. ఈ సంగతి నేను పిల్లలకు తప్పకుండా చెప్తాను. ఎందుకంటే ఆరో తరగతిలో మా దగ్గరికి వచ్చేటప్పుడు చదవడం సరిగా రాని పిల్లలు ఉంటారు. వాళ్లు చదువు రాదని ఎవరికీ చెప్పరు. పుస్తకం ముందు పెట్టుకుని పెదాలు కదుపుతూ ఉంటారు. రాదని చెప్పడంలో సిగ్గు ఏమీ లేదని, అక్కడి నుంచే మొదలు పెట్టొచ్చని వాళ్లకు తెలియాలి.

ఆమెకు చదువు దారి చూపినవాళ్లు మదనపల్లెలో ఉండే రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి గారు. ఊరంతా పిచ్చిది అన్న పిల్లలో ఆయనకు తెలివి కనిపించింది. ఆమెకు యోగం, వేదాంతం నేర్పారు. ఆడపిల్లకు, అందులోనూ ఊరు తప్పుపట్టిన పిల్లకు, చదువు చెప్తే తనకు వచ్చే మాటలు ఆయనకు తెలియనివి కావు. అయినా చెప్పారు. ఆ గురువు పేరును ఆమె తన రచనల్లో గౌరవంగా తలుచుకున్నారు.

మనోబలం గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ సంగతి మరిచిపోతాం. ఆమె తనంతట తానే ఎదిగింది అని చెప్పేస్తాం. లోపల బలం ఉంది, నిజమే. విత్తనంలో బలం ఉంటుంది. కానీ దాని మీద ఎవరో ఒకరు చెంబెడు నీళ్లు పోయాలి. ఊళ్లో పది తలుపులు మూసుకున్నప్పుడు మదనపల్లెలో ఒక్క తలుపు తెరుచుకుంది. ఆ ఒక్కటీ తెరుచుకోకపోతే తరిగొండ వెంగమ్మ కథ తరిగొండలోనే ముగిసిపోయేది.

చదువు ఒంటబట్టాక ఆమె రాయడం మొదలుపెట్టారు. తరిగొండ నృసింహ శతకం, నృసింహ విలాస కథ, శివనాటకం, బాలకృష్ణ నాటకం, రాజయోగామృత సారం. ఇవి ఆమె ఊళ్లో ఉన్నప్పటి రచనలు.

ఊరు విడిచి

ఊళ్లోని నరసింహస్వామి గుడిలో ఆంజనేయుడి విగ్రహం వెనక కూర్చుని ఆమె ధ్యానం చేసుకునేవారట. అక్కడైతే ఎవరికీ అడ్డం ఉండదని అనుకున్నారేమో. ఒకరోజు పూజారి చూసి, జుట్టు పట్టుకుని బయటికి లాగాడని చెప్తారు. తీయను అని ఊరితో పోరాడి నిలబెట్టుకున్న జుట్టు అది. దాన్నే పట్టుకుని ఈడ్చారు. ఆ తర్వాత ఆమె తరిగొండలో ఉండలేదు. తిరుమల దారి పట్టారు.

తరిగొండ నుంచి తిరుమలకు ఇప్పుడు బస్సు ఎక్కితే పూట కూడా పట్టదు. అప్పుడు అడవులు, గుట్టలు, దొంగల భయం, సైన్యాల భయం. ఒంటరి ఆడమనిషి ఆ దారిన నడిచి, కొండ ఎక్కి, తెలిసినవాళ్లు లేని చోట బతుకు మొదలుపెట్టడం ఎంత కష్టమో, ఉద్యోగం కోసం మొదటిసారి ఊరు విడిచిన ఆడవాళ్లందరికీ కొంచెం తెలుస్తుంది.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. తరిగొండ ఆమెను పొమ్మంది. ఆమె మాత్రం తరిగొండను వదల్లేదు. తిరుమలకు వచ్చాక రాసిన పుస్తకాల్లో కూడా తరిగొండ నరసింహుణ్ణి తలుచుకుంటూనే ఉన్నారు. ఆయనా వెంకటేశ్వరుడూ ఒక్కరే అన్నారు. ఈ రోజు తరిగొండ అనే చిన్న ఊరి పేరు తెలుగు దేశమంతా తెలిసిందంటే దానికి కారణం ఆ ఊరు వద్దనుకున్న ఆడబిడ్డే. ఇంటి పేరు పక్కకు పోయింది, అత్తింటి పేరు పక్కకు పోయింది, ఆమె పేరు ముందు ఊరి పేరు నిలిచింది.

తుంబురుకోన

తిరుమలలోనూ ఆమెకు సుఖం దొరకలేదు. పక్కింట్లో ఉండే అర్చకుడికి ఆమె పద్ధతి నచ్చలేదు. వాళ్ల ఇంట్లో తిన్న ఎంగిలి విస్తర్లు ఆమె వాకిట్లో వేయించేవారని చెప్తారు. రోజూ తెల్లవారి లేస్తే గుమ్మం ముందు ఎవరో తిని పారేసిన ఆకులు. అది చెంపదెబ్బలాంటిది కాదు, ఒక్కసారితో అయిపోవడానికి. రోజూ కొంచెం కొంచెంగా మనిషిని తగ్గించే పని. బడిలో, వీధిలో, బస్సులో మన పిల్లలు పడే చిన్న చిన్న అవమానాలు కూడా ఇలాంటివే. పేరు పెట్టి పిలవకుండా కులం పేరుతో పిలవడం, గ్లాసు వేరే పెట్టడం, ఏదైనా పోతే ముందు మన పిల్లల సంచీ వెతకడం.

చివరికి ఆమె ఆ ఇల్లు వదిలి అడవిలోకి, తుంబురుకోనకు వెళ్లిపోయారు. పాపవినాశనం దాటి లోపలికి వెళ్తే వచ్చే లోయ అది. రెండు వైపులా నిలువు రాతిగోడలు, మధ్యలో సెలయేరు. ఇప్పటికీ మామూలు రోజుల్లో అక్కడికి జనం వెళ్లరు. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి జరిగినప్పుడు మాత్రం వేలమంది నడిచి వెళ్తారు. అలాంటి చోట ఒక గుహలో ఆమె ఏళ్ల తరబడి ఉన్నారు.

శేషాచలం అడవులు మనవాళ్లకు కొత్త కాదు. ఈ కొండల అంచుల్లో తేనె తీసి, గడ్డలు తవ్వి, మూలికలు ఏరి బతికిన యానాదుల కుటుంబాలు ఎన్నో. అడవి అంటే ఊరివాళ్లకు భయం. మనకు అది ఆకలి తీర్చే ఇల్లు. ఏ కాయ తినొచ్చో, ఏ నీళ్లు తాగొచ్చో, ఏ వేళకు ఏ జంతువు ఆ దారిన వస్తుందో తెలిసినవాళ్లకు అడవి అన్నం పెడుతుంది. ఊరు వెళ్లగొట్టిన వెంగమాంబకు కూడా ఆ అడవే చోటు ఇచ్చింది. అక్కడ ఆమెను కులం అడిగినవాళ్లు లేరు, బొట్టు ఎందుకు పెట్టుకున్నావని నిలదీసినవాళ్లు లేరు. యోగం, ధ్యానం, రచన, ఈ మూడింటితో ఆమె అక్కడ గట్టిపడ్డారు.

ఆమె రాసిన యక్షగానాల్లో చెంచు నాటకం ఒకటి. నరసింహుడు అడవి పిల్ల చెంచులక్ష్మిని పెళ్లాడిన కథ తెలుగు నేలంతా తెలిసినదే. అహోబిలంలో చెంచులు ఈ రోజుకీ నరసింహుణ్ణి తమ ఇంటి అల్లుడిగానే చూస్తారు. వెంగమాంబ కొలిచిన స్వామి కూడా ఆ నరసింహుడే. స్వామిని మొగుడిగా చేసుకుని లోకంతో మాటలు పడ్డ ఆమెకు, స్వామి తనంత తానే వచ్చి చేయి పట్టుకున్న చెంచు పిల్ల కథ మీద మనసు పోవడం నాకు చాలా సహజంగా తోస్తుంది. ఆ నాటకం పేరులో మన చెంచులు ఉన్నారు. ఆమె మనకు దూరం మనిషి కాదని మొదట్లో అన్నది అందుకే.

తిరిగి వచ్చాక

కొన్నేళ్లకు తిరుమలవాళ్లే ఆమెను వెనక్కి రమ్మని పిలిచారు. ఆమె వచ్చారు. పగ పెట్టుకోలేదు. ఎవరితోనూ పాత లెక్కలు తేల్చుకోవాలని చూడలేదు. పని మొదలుపెట్టారు.

ఆ పని రెండు రకాలు. ఒకటి రాత. విష్ణు పారిజాతం, రుక్మిణీ నాటకం, గోపీ నాటకం, జలక్రీడా విలాసం, ముక్తికాంతా విలాసం, రామ పరిణయం, కృష్ణమంజరి, తత్త్వ కీర్తనలు, వేంకటాచల మాహాత్మ్యం. భాగవతాన్ని, వాసిష్ఠ రామాయణాన్ని ద్విపదలో రాశారు. ద్విపద అంటే రెండేసి పాదాల్లో నడిచే పాట లాంటి పద్యం. పెద్ద చదువు లేనివాళ్లు, ఆడవాళ్లు, పని చేసుకుంటూ కూడా పాడుకోగలిగేది. వేదాంతం అంతా తెలిసిన మనిషి, పండితుల మెప్పు కోసం కష్టమైన పద్యాలే రాస్తూ కూర్చోలేదు. తనలాగా ఓనమాలు దిద్దే అవకాశం లేనివాళ్ల నోట పలికే దారి కూడా ఎంచుకున్నారు. యక్షగానాలూ అంతే. మన చిత్తూరు పల్లెల్లో ఇప్పటికీ భారతం మిట్ట మీద పగలు హరికథ, రాత్రి వీధినాటకం జరుగుతాయి. అక్షరం రాని మన తాతలకు కూడా భారతం కథ మొత్తం తెలుసంటే అది ఆటపాటల పుణ్యమే. వెంగమాంబ యక్షగానాలు కూడా అలా చూసేవాళ్ల కోసం, వినేవాళ్ల కోసం పుట్టినవే.

రెండో పని అన్నం, నీళ్లు. కొండకు నడిచి వచ్చేవాళ్లకు దాహం తీర్చే చలిపందిళ్లు, నరసింహ జయంతి రోజుల్లో అన్నదానం ఆమె నడిపించారు. దాతలు ఇచ్చింది దీనికే ఖర్చు పెట్టారు. ఒక్కసారి ఆలోచించండి. తన వాకిట్లో ఎంగిలి విస్తర్లు వేసిన కొండ మీదనే ఆమె పరాయివాళ్లకు విస్తరి వేసి వడ్డించారు. నేను హాస్టల్లో రోజూ భోజనాల దగ్గర నిలబడే మనిషిని. పిల్లల ముందు పళ్లెం పెట్టే తీరులో కూడా గౌరవం, అగౌరవం రెండూ ఉంటాయని నాకు తెలుసు. అందుకే ఆమె జీవితంలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా నచ్చేది ఈ పనే. తనకు జరిగినదాన్ని తిరగేసి, ఇతరులకు అది జరగకుండా చూడటం.

రోజూ రాత్రి తిరుమల గుడిలో ఏకాంత సేవ జరుగుతుంది. స్వామిని నిద్రపుచ్చే ఆ సేవలో లాలి పాట తాళ్లపాక వారిది, హారతి తరిగొండ వారిది. ముత్యాల హారతి అంటారు దాన్ని. ఆమె వంశం తరఫున ఆ హారతి ఇప్పటికీ నడుస్తోంది. ఒకప్పుడు జుట్టు పట్టి గుడి బయటికి లాగిన ఆడమనిషి పేరు మీద, అంత పెద్ద గుడిలో, రోజులో ఆఖరి హారతి వెలుగుతోంది.

1817లో, శ్రావణ శుద్ధ నవమి నాడు ఆమె కన్నుమూశారు. ఆమె సమాధి తిరుమలలోనే, హైస్కూలు ఆవరణలో ఉంది. ఆ చోటు ఎవరు ఎంచారో కానీ, పిల్లల గోల మధ్య, బడి గంట వినిపించే చోట ఆమె ఉండటం నాకు చాలా బాగా అనిపిస్తుంది. ఏటా వర్ధంతి రోజున అక్కడ పూలు పెడతారు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆమె సాహిత్యం కోసం ఒక ప్రాజెక్టును నడుపుతూ గ్రంథాలను అచ్చు వేయించింది.

పేరు ఎవరు పెట్టాలి

ఆమె కథలో మనకు పనికివచ్చేది ఏమిటి? నా మట్టుకు ఒక్కటే. మనం ఎవరమో వేరేవాళ్లు పెట్టిన పేరుతో తేలిపోదు.

ఊరు ఆమెకు విధవ అని పేరు పెట్టింది. పిచ్చిది అని పేరు పెట్టింది. ఆమె ఆ పేర్లతో తిట్లాట ఆడలేదు. వాటికి జవాబుగా రోజూ ఒక పని చేసుకుంటూ పోయారు. ఒక పద్యం, ఒక నాటకం, ఒక చలిపందిరి. అరవై డెబ్బై ఏళ్లు అలా చేశాక ఆ పాత పేర్లు వాటంతటవే రాలిపోయాయి.

మనకూ ఇలాంటి పేర్లు పెట్టారు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. తర్వాత అది మన మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవాళ్లను, కొన్ని చోట్ల యానాదులను ఆ పట్టీలో ఎక్కించారు. అప్పుడే పుట్టిన పసిబిడ్డ కూడా పుట్టుకతో దొంగే అని కాగితం మీద రాసుకున్నారు. పోలీసులకు వేలిముద్రలు, రోజూ హాజరు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. కాగితం మీద పోయిన పేరు కొందరి నోళ్లలో నుంచి ఇంకా పోలేదు. దానికి జవాబు మన పిల్లల చేతుల్లో ఉంది. టీచరు, నర్సు, ఇంజనీరు, కలెక్టరు అని వాళ్లు తెచ్చుకునే కొత్త పేర్లలో ఉంది.

మన పిల్లల కోసం

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. వెంగమాంబ లాంటివాళ్ల కథలు చెప్పేటప్పుడు కష్టాలు మనిషికి మంచివే అన్నట్టు మాట్లాడటం చాలా సులువు. అది సరి కాదు. పసిపిల్లకు పెళ్లి చేయడం మంచి పని కాదు, దానివల్ల ఒక వెంగమాంబ పుట్టినా సరే. ఆ రోజుల్లో ఆమెలాగే చిన్నప్పుడే విధవలైన పిల్లలు ఎందరో. వాళ్లలో కూడా పాట కట్టగలిగినవాళ్లు, లెక్కలు తెలిసినవాళ్లు, ఊరిని నడపగలిగినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లకు మదనపల్లెలో తలుపు తెరుచుకోలేదు. వాళ్ల పేర్లు మనకు లేవు. ఒక్క వెంగమాంబను చూసి గర్వపడేటప్పుడు ఆ పేరు లేని పిల్లలను కూడా తలుచుకోవాలి.

అందుకే పిల్లలకు ధైర్యంగా ఉండండి అని చెప్పి మన పని అయిపోయిందని అనుకోకూడదు. ధైర్యం చూపించాల్సిన అవసరం వాళ్లకు అంతగా రాకుండా చూడటం పెద్దవాళ్ల పని. హాస్టళ్లలో పనిచేసే మాలాంటివాళ్లకు దసరా సెలవుల తర్వాత, సంక్రాంతి సెలవుల తర్వాత గుండె దడగా ఉంటుంది. హాజరు పట్టీ తీసి పేర్లు పిలుస్తుంటే ఎక్కడో ఒక పేరుకు జవాబు రాదు. పక్క పిల్ల మెల్లగా, ఆ అక్కకు సంబంధం చూశారు మేడమ్ అంటుంది. ఆ పిల్ల ఇనుప ట్రంకు పెట్టె మంచం కింద అలాగే ఉంటుంది. అప్పుడు మేము ఫోన్లు చేస్తాం, తండాకు వెళ్తాం, అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడతాం. కొన్నిసార్లు పిల్ల తిరిగి వస్తుంది. కొన్నిసార్లు రాదు. తిరిగి వచ్చిన పిల్ల వెనక ఎప్పుడూ ఇంట్లోనో, ఊళ్లోనో ఒక మనిషి ఉంటారు. ఒక మేనమామ, ఒక అవ్వ, ఒక అంగన్‌వాడీ అక్క. చదువుకోనివ్వండి అని గట్టిగా ఒక్క మాట అన్న మనిషి. సుబ్రహ్మణ్యశాస్త్రి గారు చేసిన పని అదే.

ఈ సంచిక చదువుతున్న మన సంఘం పెద్దలకు, చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడిన మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాది ఒక్క విన్నపం. మీ ఊళ్లో పద్దెనిమిది నిండని ఆడపిల్లకు పెళ్లి మాటలు నడుస్తున్నాయని తెలిస్తే ఊరుకోకండి. ఇంటివాళ్లతో మాట్లాడండి. వినకపోతే 1098కి ఫోన్ చేయండి, అది పిల్లల కోసం ఉన్న ఉచిత నంబరు. పది పాసై ఇంటర్‌లో చేరడానికి భయపడే పిల్ల ఉంటే, కాలేజీ దాకా ఒకసారి తోడు వెళ్లండి. దరఖాస్తు నింపి పెట్టండి. కుల ధ్రువీకరణ పత్రం కోసం తిరిగే తండ్రికి ఏ ఆఫీసులో ఎవరిని అడగాలో చెప్పండి. ఇవన్నీ చిన్న పనులు. ఒక పిల్ల బతుకులో తలుపు తెరిచేవి ఇలాంటి పనులే.

పిల్లలకు నేను చెప్పేది కూడా అంతే చిన్నది. మీకు దెబ్బ తగిలిన చోటనే మీ పని మొదలు కావచ్చు. చదువు రాదని నవ్విన చోట, రేపు మీరు చదువు చెప్పొచ్చు. వేరే గ్లాసు పెట్టిన ఇంటి ముందు, రేపు మీరు నర్సు బట్టల్లో నడిచి వెళ్లి వాళ్ల అమ్మకు సూది వేయొచ్చు. ఎవరి మీదా కోపం పెట్టుకోమని నేను చెప్పను. మీ పేరు మీరు రాసుకోండి, మీ తండా పేరు, మీ కాలనీ పేరు దాని పక్కన రాసుకోండి. తరిగొండ వెంగమ్మ చేసింది అదే.